అగ్నిశిఖ: గింజ నుంచి పువ్వు దాకా, బెంగళూరు బాల్కనీలో

అడవిపూల గింజలు మొలకెత్తించడం ఎలా అని ఎక్కడ వెతికినా మొదటి మాట ఒకటే: ఫ్రిజ్‌లో పెట్టండి. తడి ఇసుకలో కలిపి, డబ్బాకి మూతపెట్టి, నెల నుంచి మూడు నెలల దాకా చల్లగా ఉంచమంటారు. మంచుకొండల పూలకి అది సరైన సలహానే. హిమాలయాల్లో ప్రిములాలు, జెన్షియన్లు, నీలి గసగసాల పూలు చలికాలం ముందు గింజ రాలుస్తాయి. రాలిన వెంటనే మొలిస్తే లేతమొక్క మంచు కింద చచ్చిపోతుంది. అందుకే చాలాకాలం తడిలో, చలిలో ఉన్నాకే మొలిచేలా ఆ గింజ తయారైంది. మన దక్కన్ గుట్టల మీద మంచెక్కడిది? ఇక్కడి మొక్కకి గండం సంక్రాంతి వెళ్లాక మొదలై వేసవి జల్లుల దాకా సాగే ఎండుకాలం. ఇక్కడి గింజ నిద్రపోయేది దాన్ని దాటడానికే. అలాంటి గింజని ఫ్రిజ్‌లో పెడితే ఒరిగేదేమీ లేదు.

బెంగళూరులో ఉంటూ, మన కొండల పువ్వు ఒకదాన్ని గింజ వేసి పెంచుదామనుకునే వాళ్లకి నేను మొదట చెప్పేది అగ్నిశిఖ. అడవినాభి అన్నా, పొత్తిదుంప అన్నా ఇదే. మీ కన్నడ పొరుగువాళ్లని అడిగితే గౌరి హూవు అంటారు, గౌరీపండగ రోజుల్లో పూస్తుంది కాబట్టి. తమిళులకి సెంగాందళ్, తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా. నల్లమలలో, శేషాచలంలో, బెంగళూరు చుట్టూ ఉన్న రాతిగుట్టల పొదల్లో వానలతో పాటు పైకి లేచి, పక్క కొమ్మల్ని పట్టుకుని పాకి, ఆగస్టు సెప్టెంబరుల్లో పూసి, డిసెంబరు వచ్చేసరికి నేలమీద ఆనవాలు లేకుండా పోతుంది. పువ్వుకి ఆరు రేకులు. అంచులు ముడతలు పడి, వెనక్కి విరుచుకుని పైకి లేస్తాయి. విచ్చినప్పుడు అడుగున పసుపు, కొసన ఎరుపు. రోజులు గడిచేకొద్దీ పసుపు తగ్గి పువ్వంతా కెంపు రంగుకి తిరుగుతుంది. పూత జోరుగా ఉన్నప్పుడు ఒకే తీగ మీద ఈ రంగులన్నీ ఒకేసారి చూడొచ్చు.

గింజ నుంచి పువ్వు దాకా మూడేళ్లు పట్టొచ్చు, నాలుగూ పట్టొచ్చు. అద్దె ఇల్లు మారేటప్పుడు వెంట తీసుకెళ్లడానికి కుండీ చాలు గనక అదేమంత అడ్డంకి కాదు.

ముందు విషం సంగతి

ఈ మొక్కలో ప్రతి భాగమూ విషమే. కొల్చిసిన్ అనే పదార్థం ఆకులో, కాండంలో, పువ్వులో ఉంటుంది. దుంపలో, గింజలో మరీ ఎక్కువ. గౌట్ అనే కీళ్లవాతానికి డాక్టర్లు మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చే మందు అది, మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. చిలగడదుంప అనుకుని దీని దుంప ఉడికించి తిని చనిపోయినవాళ్లు శ్రీలంకలోనూ మన దేశంలోనూ ఉన్నారు. ఉడికించినా విషం పోదు. తిన్న కొన్ని గంటలకి వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గి మనిషి తేరుకున్నట్టు కనిపించాక మూత్రపిండాలు, ఎముకమజ్జ దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే నోట్లో పెట్టుకున్నారన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం చూస్తూ కూర్చోకూడదు. మొక్క ముక్కో గింజో చేతపట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పాకే పిల్లలో, కనిపించిందల్లా కొరికే కుక్కపిల్లో ఇంట్లో ఉంటే ఈ మొక్క ఇప్పుడు వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. ఎండిన కాయ పగిలితే లోపల ఎర్రటి గింజలు వరసగా మెరుస్తుంటాయి, పిల్లల చెయ్యి ఆగదు. గింజని, దుంపని ముట్టుకునే ప్రతిసారీ రబ్బరు చేతితొడుగులు వేసుకోండి. నానబెట్టడానికి వాడిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. ఫ్రిజ్ వద్దనడానికి ఇది రెండో కారణం. కొత్తిమీర పక్కన, పప్పుల డబ్బాల మధ్య ఈ గింజ ఉండాల్సిన పని లేదు. కవరు మీద పెద్ద అక్షరాలతో విషం అని తెలుగులోనూ, ఇంట్లో పనికి వచ్చేవాళ్లు చదవగలిగే భాషలోనూ రాసి, పిల్లలకి అందని చోట, వంటింటికి దూరంగా పెట్టండి.

దుంప కొనుక్కోవచ్చుగా?

వేసవి చివర్లో నర్సరీల్లో, ఆన్‌లైన్‌లో దుంపలు అమ్ముతారు. నాటితే చాలావరకు ఆ ఏడాదే పూస్తుంది. అయినా గింజ వైపే మొగ్గడానికి కారణాలున్నాయి. అమ్మకానికి వచ్చిన దుంప తోటలో పెంచిందా, అడవిలో తవ్వి తెచ్చిందా అని తెలుసుకునే దారి లేదు. మందుల కోసం తవ్వీ తవ్వీ చాలాచోట్ల అడవిలో ఈ తీగ పలచబడింది. దుంపతో పాటు కుళ్లు తెగులు కూడా ఇంటికి రావచ్చు. పైగా ఒక దుంప ఏడాదికి రెండవుతుంది, అంతే. ఒక్క కాయలో పదుల కొద్దీ గింజలుంటాయి. ఒకే దుంప నుంచి విడదీసిన మొక్కలన్నీ ఒకే అచ్చు. గింజ మొక్కల్లో దేనికదే వేరు, తర్వాత కాయ కట్టించడానికి ఈ తేడా పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. రోత్స్‌చైల్డియానా పేరుతో అమ్మేది ఆఫ్రికా నుంచి తోటల్లోకి వచ్చిన రకం. రేకులు వెడల్పుగా, ముడతలు తక్కువగా, ముదురు ఎరుపులో ఉంటాయి. అందంగానే ఉంటుంది గానీ మన గుట్టల పువ్వు అది కాదు. మనదాని రేకు సన్నగా, అంచు పొడవునా గట్టిగా ముడతలు పడి ఉంటుంది. గింజ ఇచ్చేవాళ్లని పువ్వు ఫొటో అడగండి.

గింజ ఎక్కణ్నుంచి

తమిళనాడులో దిండుక్కల్, కరూర్, తిరుప్పూర్ జిల్లాల్లోనూ, నాగపట్టణం జిల్లా వేదారణ్యం వైపూ రైతులు దీన్ని పంటగా వేస్తారు. మందుల కంపెనీలకి కావాల్సింది గింజే. ఆ ప్రాంతాల్లో తెలిసినవాళ్లుంటే కొత్త గింజ తేలిగ్గా దొరుకుతుంది. బెంగళూరులోనైతే యలహంక దగ్గర జారకబండె కావల్‌లో, స్థానిక వైద్య సంప్రదాయాల మీద పనిచేసే ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ సంస్థ వాళ్ల ఔషధ మొక్కల తోట ఉంది. మొక్కని చూసి గుర్తుపట్టడం నేర్చుకోవడానికైనా ఒకసారి వెళ్లొచ్చు. ఆగస్టు 15కి, జనవరి 26కి లాల్‌బాగ్‌లో జరిగే పూల ప్రదర్శన రోజుల్లో వచ్చే స్టాళ్లలోనూ అడిగి చూడండి. ఊళ్లో మీ చేను గట్టు మీదో, బంధువుల తోట కంచె మీదో తీగ ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఒకటి రెండు కాయలు తీసుకుని మిగతావి దానికే వదిలెయ్యండి. బన్నేరుఘట్ట లాంటి రక్షిత అడవుల్లో మాత్రం గింజ కూడా తీయకూడదు, చట్టం ఒప్పుకోదు.

కాయ మూడు గదులుగా, వేలెడు పొడవు ఉంటుంది. పచ్చదనం పోయి, పైతోలు ముడుచుకుని, గడ్డిరంగుకి తిరిగినప్పుడు కోయాలి. ఇంకా ఆగితే పగిలి గింజలు జారిపోతాయి. పచ్చికాయ కోసి ఇంట్లో పండబెడితే గింజ సరిగా ముదరదు. మన వైపు ఈ అదను ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లో వస్తుంది.

కొన్న గింజ బతికుందో లేదో చూడాలంటే నీళ్లలో వేసి తేలినవి పారేసే పద్ధతిని ఇక్కడ నమ్ముకోకండి. ఎండిన పైగుజ్జులో గాలి చిక్కుకుని మంచి గింజ కూడా తేలుతుంది. తొడుగులు వేసుకుని రెండు మూడు గింజల్ని బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. లోపల తెల్లగా, కొబ్బరి ముక్కలా గట్టిగా ఉంటే బాగున్నట్టు. గోధుమరంగుకి తిరిగి మెత్తబడినా, డొల్లగా ఉన్నా ఆ పొట్లం తిరిగి ఇచ్చెయ్యండి.

ఆరు నెలల ఎండునిద్ర

చాలామందికి మొలకలు రాకపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. డిసెంబరులో గింజ చేతికొస్తుంది, ఉత్సాహం ఆగదు, వెంటనే మట్టిలో వేసి రోజూ నీళ్లు పోస్తారు. ఈ గింజకి ఆరు నుంచి తొమ్మిది నెలల నిద్రావస్థ ఉంటుంది. ఆ నిద్ర మొదట్లోనే తడి తగిలితే మొలవదు సరికదా బూజుపట్టి కుళ్లుతుంది. గుట్ట మీద ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి. ఈశాన్య వానలు ఆగాక గింజ రాలుతుంది. రాళ్ల సందున, ఎండుటాకుల కింద జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడిగా, వెచ్చగా పడి ఉంటుంది. మామిడి జల్లులు దాన్ని తడుపుతాయి. తర్వాత వానాకాలమంతా తడి ఆరదు. మనం ఇంట్లో చేయాల్సింది ఇదే వరసని నడపడం.

కాయ నుంచి తీసిన గింజకి ఎర్రటి మెత్తని పైగుజ్జు ఉంటుంది. ఒక రోజు నీళ్లలో ఉంచి, చేతితొడుగులతో జల్లెడ మీద రుద్దితే ఊడొస్తుంది. ఆ నీళ్లు కుండీల్లో కాదు, టాయిలెట్లో పొయ్యండి. గింజల్ని పాత గుడ్డ మీద పరిచి వారం పాటు నీడలో ఆరబెట్టండి. మేడ మీద ఎండలో వద్దు. ఆరాక కాగితం కవరులో వేసి, కోసిన నెల, ఊరు రాసి, గాలి తగిలే అలమరలో పెట్టెయ్యండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో మిగిలిన తేమ లోపలే ఉండిపోతుంది కాబట్టి కాగితమే మేలు. ఇక ఏప్రిల్ చివరి దాకా దాన్ని మరిచిపోవచ్చు.

జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్‌లో నానబెడితే మొలక త్వరగా, ఎక్కువగా వస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. వందల మొక్కలు కావాల్సినవాళ్లకి అది పనికొస్తుంది. బాల్కనీలో పది మొక్కల కోసం ఆ పొడి కొని, మిల్లీగ్రాములు తూచే తతంగం నాకు అనవసరంగా తోస్తుంది. ఇసకకాగితంతో గింజ పైపొర గీకడం కూడా అంతే. గీత కాస్త లోతుకి దిగితే లోపల మొలక అంకురమే పోతుంది.

విత్తే రోజు

పంచాంగం చూసే అలవాటుంటే భరణి, కృత్తిక కార్తెలు, అంటే ఏప్రిల్ చివరి వారం నుంచి మే 24 దాకా. మన ఊళ్లలో రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరులో అప్పటికే ఉరుముల వానలు పడుతుంటాయి. పగలు 33 డిగ్రీల చుట్టూ, రాత్రి 21 దగ్గర ఉండే ఈ మే వాతావరణం అగ్నిశిఖ మొలకకి కుదిరినట్టు సరిపోతుంది. అదే గింజని ఇక్కడ డిసెంబరు, జనవరుల్లో వేస్తే రాత్రులు 16 డిగ్రీలకి దిగి మట్టి చల్లబడుతుంది, మొలక కదలదు.

ముందురోజు గింజల్ని గోరువెచ్చని నీళ్లలో వేసి 24 గంటలు ఉంచండి. మధ్యలో రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి. గుజ్జుతోనే ఎండిన గింజ కొనుక్కుని ఉంటే ఈ నానుడుకే మెత్తబడుతుంది, అప్పుడు రుద్ది తీసెయ్యండి. గుజ్జు మిగిలితే బూజు అక్కడే మొదలవుతుంది.

కుండీ వెడల్పుగా కన్నా లోతుగా ఉండాలి, ఎందుకంటే మొదటి ఏడాది పుట్టే చిన్న దుంప తనంతట తాను కిందికి దిగుతుంది. ఎనిమిది అంగుళాల లోతున్న కుండీ అయినా, నర్సరీల్లో వాడే నల్లటి పాలిథిన్ కవర్లయినా సరే, అడుగున రంధ్రాలు తప్పకుండా ఉండాలి. చిన్న చిన్న గదుల మొలకల ట్రేలు ఈ మొక్కకి పనికిరావు. ట్రే నుంచి మార్చేటప్పుడు దుంప కొన విరిగితే ఆ మొక్క కథ అక్కడితో సరి.

మట్టి విషయంలో నియమం ఒక్కటే, నీళ్లు నిలవకూడదు. గుట్ట మీద ఇది పెరిగేది రాళ్ల సందుల్లో ఆకు కుళ్లి పడిన చోట. నేను వాడే పాళ్లు: రెండు వంతులు ఎర్రమట్టి, రెండు వంతులు ముతక ఇసుక, ఒక వంతు బాగా చివికిన వర్మీకంపోస్ట్, ఒక వంతు కొబ్బరిపొట్టు. నది ఇసుక ఇప్పుడు దొరకదు గనక రాయిని పిండిచేసి తీసే ఎం-శాండ్ వాడుకోవచ్చు, కానీ దుమ్ములాంటి రాతిపొడి పోయేదాకా కడగాలి. లేకపోతే సిమెంటు పోసినట్టు గట్టిపడుతుంది. ఇటుకలుగా అమ్మే కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టండి, రెండు మూడుసార్లు. ఈ మిశ్రమంలో కుండీకి గుప్పెడు వేపపిండి కలిపి, తడిపి, వారం ముందే సిద్ధంగా ఉంచితే మంచిది. పశువుల పచ్చిపేడ, వంటింటి తడిచెత్త ఎరువు వద్దు.

కుండీ నింపి, పైన రెండంగుళాలు వదిలి, గింజల్ని ఒకదానికొకటి మూడు వేళ్ల ఎడంలో ఉంచండి. సెంటీమీటరు, మరీ అయితే సెంటీమీటరున్నర లోతు. ఎనిమిది అంగుళాల కుండీకి ఆరేడు గింజలు చాలు. రెండేళ్లు అవి అక్కడే ఉండబోతున్నాయి. పైన అరంగుళం ముతక ఇసుక పరిస్తే వాన చినుకులకి మట్టి ఎగరదు, పాచి పట్టదు. పేరు, తేదీ ప్లాస్టిక్ ముక్క మీద పెన్సిల్‌తో రాసి గుచ్చండి. మార్కర్ రాత బెంగళూరు ఎండకి ఒక్క సీజనులో చెరిగిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది.

ఎదురుచూపు

కుండీని సజ్జ కింద, ఉదయపు ఎండ తగిలే చోట పెట్టండి. ఎడాపెడా కురిసే వాన నేరుగా పడకూడదు. మట్టి తేమగా ఉండాలి, పిడికిట్లో నొక్కితే నీరు కారకూడదు. రోజూ పోయాలనే నియమం పెట్టుకోకుండా వేలు దించి చూసి పోయడం మంచిది. వానాకాలంలో వారానికి రెండుసార్లు కూడా ఎక్కువ కావచ్చు.

త్వరగా వస్తే మూడు వారాలు, ఆలస్యమైతే మూడు నెలలు. అన్నీ ఒకేసారి రావు. జూన్‌లో రెండు, ఆగస్టులో ఒకటి, మిగతావి వచ్చే ఏడాది జల్లులకి. అడవిలో వాన నమ్మకం లేని చోట బతికిన మొక్క తన గింజలన్నిటినీ ఒకే వానకి పణం పెట్టదు. కాబట్టి సెప్టెంబరు దాకా ఏమీ రాలేదని కుండీ బోర్లించకండి. ఈలోగా మట్టి తవ్వి గింజ ఏమైందోనని చూడటం అందరికీ ఉండే జబ్బే గానీ, తెల్లటి లేతవేరు తగిలీ తగలకముందే విరుగుతుంది.

మొలక చూడటానికి గరికపోచలా ఉంటుంది. కలుపు అనుకుని పీకేసే ప్రమాదం ఎక్కువ, అందుకే ఆ కుండీలో ఏది మొలిచినా నాలుగు ఆకులు వచ్చేదాకా చెయ్యి పెట్టకండి. మొదటి ఏడాది ఆకుల కొసలకి పక్కవాటిని చుట్టుకునే నులితీగ ఉండదు, తీగ ఎత్తు జానెడు కూడా పెరగదు. పైన ఇంతేనా అనిపిస్తుంది, పని అంతా కింద జరుగుతుంటుంది. నెలకోసారి బాగా పలచన చేసిన వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి దిగే నీరు) పోస్తే చాలు. యూరియా లాంటివి వేస్తే ఆకు బలుస్తుంది, దుంప బలవదు.

మొలకల మెడ దగ్గర నల్లబడి వాలిపోతుంటే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. నీళ్లు ఆపి, గాలి తగిలే చోటికి మార్చి, పడిపోయినదాన్ని మట్టితో సహా చెంచాతో తీసెయ్యండి. నత్తలు కూడా లేతకాండాన్ని రాత్రికి రాత్రి కోస్తాయి. చీకటి పడ్డాక టార్చి వేసి ఏరెయ్యడం కన్నా మంచి మందు లేదు.

ఆకులు పండిపోతే కంగారు వద్దు

నవంబరు, డిసెంబరుల్లో మొక్క పసుపుపచ్చగా మారి ఎండిపోతుంది. చచ్చిపోయిందనుకుని చాలామంది ఇక్కడే రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు: కుండీ ఖాళీ చేస్తారు, లేదా బతికించుకోవాలని రోజూ నీళ్లు పోస్తారు. మట్టిలో చిక్కుడు గింజంత దుంప నిద్రకి దిగింది. ఎండిన ఆకుల్ని కత్తిరించి, నీళ్లు పూర్తిగా ఆపేసి, కుండీని వాన పడని నీడ చోట పెట్టండి. మెట్ల కింద, యుటిలిటీ బాల్కనీ మూల, ఎక్కడైనా సరే. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మొక్కలకి నీళ్లు పొయ్యమని పక్కింటి వాళ్లకి తాళాలిస్తారు కదా, ఈ కుండీకి మాత్రం పొయ్యొద్దని చీటీ అతికించి వెళ్లండి.

నాలుగైదు నెలల పొడి విశ్రాంతి దీనికి తిండితో సమానం. ఏప్రిల్ చివర్లోనో మేలోనో మట్టి పైకి మొన తనంతట తానే వస్తుంది. అప్పుడు మొదలుపెట్టండి నీళ్లు, మొదట కొంచెం, ఆకు విచ్చుకున్నాక మామూలుగా. జూన్ మధ్య దాకా రాకపోతే ఒక్కసారి బాగా తడిపి మళ్లీ ఆగండి.

దుంప మార్చడం

రెండో వేసవి ముగిసేలోగా, అంటే మూడో సీజను మొలక రాకముందు, మార్చి ఏప్రిల్‌లో దుంపల్ని వేరు చేసి ఒక్కోదాన్ని ఒక్కో పెద్ద కుండీకి మార్చాలి. ఇది మొత్తం పనిలో అన్నిటికన్నా నాజూకైన భాగం. మట్టిని పూర్తిగా ఎండనిచ్చి, కుండీని పాత దుప్పటి మీద పక్కకి వాల్చి, మట్టి మొత్తం జారేలా తట్టండి. పారతో, చాకుతో తవ్వితే దుంప ముక్కలవుతుంది.

ముదిరిన దుంప రెండు చేతులు చాచిన నాగలి ఆకారంలో ఉంటుంది. ఒక్కో చేతి కొసన ఒకే ఒక్క మొగ్గ. ఆ కొస విరిగితే ఆ చెయ్యి ఇక మొలవదు, దుంపకి మరోచోట కన్ను ఉండదు. బంగాళాదుంపలా ముక్కలు కోసి నాటుదామనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. రెండు చేతులూ వాటంతటవే విడిపోయి ఉంటే రెండు మొక్కలు, లేకపోతే అలాగే నాటండి. పన్నెండు అంగుళాల కుండీలో అదే మట్టి మిశ్రమం, కాస్త ఎక్కువ కంపోస్ట్. దుంపని పడుకోబెట్టి, మొగ్గ ఉన్న కొస కుండీ గోడకి తగలకుండా చూసి, రెండంగుళాల మట్టి కప్పండి. నీళ్లు మాత్రం మొన కనిపించేదాకా వద్దు. మెత్తబడిన, వాసన వస్తున్న దుంపని తోట చెత్తలో కలపకుండా కవరులో కట్టి పారెయ్యండి. చెత్త ఏరేవాళ్లకి, ఆవులకి అందకూడదు.

పాకడానికి ఏదో ఒకటి

మూడో సీజనులో తీగ మనిషెత్తు పోతుంది. దీని నులితీగ ఆకు కొస నుంచే వస్తుంది, సన్నటిదాన్నే చుట్టగలదు. పీవీసీ పైపు, లావుపాటి వెదురు, కోకోపీట్ స్తంభం పెడితే పట్టు దొరక్క తీగ వాలి విరుగుతుంది. మా వైపు చేలల్లో దొరికే ఎండు కందికట్టె దీనికి పుట్టినట్టు ఉంటుంది. కొమ్మలు కొమ్మలుగా, సన్నగా, గరుకుగా. ఊరెళ్లినప్పుడు ఒక కట్ట డిక్కీలో వేసుకొచ్చుకుంటే రెండేళ్లు వస్తుంది. అది లేకపోతే బాల్కనీ గ్రిల్‌కి జనపతాళ్లు కిందికి కట్టినా, చేపల వల లాంటి నైలాన్ వల వేలాడదీసినా సరే. మొన రాకముందే ఇదంతా పెట్టెయ్యండి. ఎదిగే కొస చాలా పెళుసు. అది విరిగితే ఆ ఏడాదికి పూత ఆశ దాదాపు వదులుకోవాల్సిందే.

మొదళ్లకి నీడ, తలకి ఎండ. ముందువరసలో చిన్న కుండీలు పెట్టి పెద్దకుండీకి ఎండ తగలకుండా చేస్తే ఏర్పాటు అయిపోతుంది. రోజుకి నాలుగైదు గంటల ఎండ కావాలి. ఉత్తరం వైపు బాల్కనీ మాత్రమే ఉంటే ఆకులు చూసి తృప్తిపడాలి, పువ్వు అనుమానమే.

ఇంత విషమున్న మొక్కని ఏ పురుగూ ముట్టదనుకుంటాం. ఒకటి ముడుతుంది. పోలిటెలా గ్లోరియోసే అనే రెక్కపురుగు గొంగళి, నల్లటి ఒంటి మీద తెలుపు, ఎరుపు చుక్కలు. వానాకాలంలో గుంపుగా వచ్చి రెండు రోజుల్లో తీగని ఈనెలు మిగిల్చి పోతుంది. రోజూ పొద్దున ఆకు అడుగున చూసి, తొడుగు వేసుకున్న చేత్తో ఏరి సబ్బునీళ్లలో వెయ్యండి. మొదటి వారంలో ఏరితే మందు అవసరం రాదు. ఎడతెరిపి లేని వానల్లో ఆకు మీద గోధుమ మచ్చలు పెద్దవవుతుంటే ఆ ఆకులు తీసేసి, కుండీల మధ్య ఎడం పెంచండి.

పువ్వు వచ్చాక

మొదటి పూత మూడో ఏడాది ఒకటి రెండు పూలు కావచ్చు, చాలా మొక్కలకి నాలుగో ఏడాదే. ఊరికే వదిలేస్తే బాల్కనీలో కాయ కట్టడం అరుదు. కారణం పువ్వు తీరులోనే ఉంది. ఆరు కేసరాలు బయటికి చాచుకుని ఉంటాయి, కొసన పుప్పొడిని అందుకునే కాడ, అంటే కీలం మాత్రం మొదట్లోనే లంబకోణంలో పక్కకి వంగి పుప్పొడికి దూరంగా పోతుంది. అడవిలో తేనెపిట్టలు, సీతాకోకచిలుకలు ఒక పువ్వు నుంచి ఇంకోదానికి పుప్పొడి మోస్తాయి. ఏడో అంతస్తుకి అవి రోజూ వస్తాయని నమ్మలేం. తమిళనాడు రైతులు కూడా పొలంలో మనుషుల్ని పెట్టి చేత్తోనే పుప్పొడి అద్దిస్తారు.

పొద్దున ఎనిమిది నుంచి పదకొండు మధ్య, కొత్తగా విచ్చి ఇంకా పసుపు ఎక్కువున్న పువ్వు చూడండి. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో ఒక మొక్క పుప్పొడి తీసి వేరే మొక్క కీలం కొసకి, మూడుగా చీలిన చోట అద్దండి. ఆ రెండు మొక్కలూ వేర్వేరు గింజల నుంచి వచ్చినవైతే కాయ బాగా కడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పువ్వు అడుగున పచ్చటి కాయ ఉబ్బడం మొదలైతే పని అయినట్టు. ఒక్కో తీగకి మూడు కాయలు మించి ఉంచకపోతే మంచిది. కాయల్ని పోషించడానికి ఖర్చయ్యేది వచ్చే ఏడాది దుంపలోకి వెళ్లాల్సిన బలమే.

కాయ ముడుచుకోవడం మొదలవగానే పలచటి గుడ్డ సంచి తొడిగి దారంతో కట్టండి. పగిలినా గింజలు సంచిలోనే ఉంటాయి, కింది ఫ్లాటు పిల్లలు ఆడుకునే చోటికి రాలవు. గింజలు పంచుకునేటప్పుడు ఎవరి చేతికీ ఊరికే ఇవ్వకండి. కవరు మీద విషం అని, కోసిన నెల, ఏప్రిల్ దాకా పొడిగా ఉంచాలని, ఫ్రిజ్‌లో పెట్టొద్దని రాసి ఇవ్వండి. మిగిలిపోయిన దుంపల్ని అపార్ట్‌మెంట్ పార్కులో గానీ, పశువులు మేసే చెరువుగట్టున గానీ నాటొద్దు, ఇంకో కుండీ దొరికేదాకా పొడి ఇసుకలో ఉంచండి.